మా బిడ్డకు నేనిచ్చిన కోచింగ్

గద్వాలలో ప్రవేశపరీక్షలకు కోచింగ్ ఇచ్చే మాస్టారుగా నాకు కాస్త పేరుంది. ఆ పేరు మూడేళ్ల క్రితం వనపర్తిలో ఒక డాక్టరమ్మ ముందు ఎలా మంటగలిసిందో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

మా సింధుకు అప్పుడు తొమ్మిదేళ్లు. లెక్క మొదలుపెట్టి సగంలో పెన్సిలు చెక్కేది, చెక్కుతూ కిటికీ దగ్గరికి వెళ్లేది, అక్కణ్ణుంచి చీమల వెంట పోయేది. లెక్క దిక్కులేనిదై పుస్తకంలో పడి ఉండేది. ఒకరోజు వాళ్ల టీచరమ్మ నన్ను పిలిచింది.

"సార్, పాప తెలివిగలది. కానీ ధ్యాస నిలుస్తలేదు. వనపర్తిల పిల్లల డాక్టరమ్మ ఉన్నది, ఒకసారి టెస్టు చేయించుండ్రి."

ఇంత చెబితే నా చెవికెక్కింది ఒక్కటే ముక్క: టెస్టు!

టెస్టంటే ఊరుకునే మనిషినా నేను? ఆ సాయంత్రమే కోచింగ్ మొదలు. మా ఆవిడ లక్ష్మికి నా కళ్లద్దాలు పెట్టి డాక్టరుగా కూర్చోబెట్టాను. "కదలొద్దు. కిటికీ దిక్కు చూడొద్దు. అడిగినంకనే చెప్పాలె" అని పది రోజులు సింధు చేత వల్లె వేయించాను.

"ఏంది గిది? జ్వరమొచ్చిన పిల్లకు సల్లగుండుమని నేర్పి దవాఖానకు తోల్కపోతరా ఎవరన్న?" అంది లక్ష్మి.

"నీకు తెల్వదు, ఊకో."

డాక్టరమ్మ గదిలో సింధు పాస్‌పోర్టు ఫొటోలా కూర్చుంది. అడిగినదానికి మాత్రమే జవాబు. బల్ల మీది పెన్ను కిందపడినా తల తిప్పలేదు. నాకు జిల్లా ఫస్టు వచ్చినంత గర్వం.

పావుగంటయ్యాక డాక్టరమ్మ అడిగింది: "దూపైతుందా బిడ్డా? నీళ్లు తాగుతవా?"

సింధు కంగారుగా నా వైపు తిరిగింది. "నాయినా, గిది నువ్వు చెప్పలే. ఏమనాలె?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. లక్ష్మి కొంగులో మొహం దాచుకుంది. నేను ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి, ఎన్నిసార్లు లెక్కపెట్టినా.

నవ్వు ఆపుకుని ఆమె సింధు పిడికిళ్లు మెల్లగా విప్పింది. అరచేతుల్లో ఎర్రగా గోళ్ల గుర్తులు.

"గింతసేపు ఎట్ల కూసున్నవ్ తల్లీ?"

"లోపల ఉరుకుతున్న మేడం. బయట కూసున్న."

ఎన్నో ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇంత కష్టపడ్డ విద్యార్థిని ఎక్కడా చూడలేదు. ఈ పిల్లనా నేను రోజూ బద్ధకమని తిట్టింది!

"సార్, ఇందుల పాసు, ఫెయిలు లేవు. పిల్ల ఎట్లుంటదో చూసుడే నా పని. జర వదిలిపెట్టుండ్రి," అంది డాక్టరమ్మ.

వదిలిపెట్టాను. సింధు గదంతా ఒక చుట్టు చుట్టొచ్చింది. గోడ గడియారం వెనకబడిందని, మేడం ఎడమ చెప్పుకు వేరే రంగు దారంతో కుట్టు పడిందని, కిటికీ బయట కాకి తన గూట్లో ఇనపతీగ పెట్టుకుందని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. అదే గదిలో అంతసేపూ ఉన్న నేను వాటిలో ఒక్కటీ చూడలేదు. నోరు తెరుచుకుని నా బిడ్డనే చూస్తూ ఉండిపోయాను.

ఇంటి దగ్గర నింపి తెమ్మని డాక్టరమ్మ మాకొకటి, టీచరమ్మకొకటి ప్రశ్నల కాగితాలిచ్చింది. నేను పెన్ను పట్టుకోగానే సింధు నా భుజం మీద చెయ్యి వేసింది.

"నిజం రాయి నాయినా. మార్కులు పోతే పోనీ."

నిజమే రాశాను. ఇంకో రెండుసార్లు వెళ్లాక ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని, కుదురుగా ఉండనివ్వని సమస్య అని తేలింది. టీచరమ్మ ముందు బెంచీలో కూర్చోబెట్టింది. లెక్కలు రెండేసి ఇచ్చి, మధ్యలో చాక్‌పీసులు తెమ్మని పంపేది. అలా తిరిగొచ్చి కూర్చున్నప్పుడల్లా ఇంకో రెండు లెక్కలు పూర్తయ్యేవి.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు నా బిడ్డకు ఇక ఏమీ నేర్పను. కడుపునొప్పి వచ్చినా సరే, ఎలా మూలగాలో కూడా చెప్పను.