చలవచేతి మనిషి

మిరపకోతకు వెళ్ళే తల్లికి గడియారం అక్కర్లేదు. ఆమె రోజును మిరపకాయే రెండుగా చీలుస్తుంది. బిడ్డ ఒళ్ళు తుడవడం, తల దువ్వడం, పాలివ్వడం, పెద్దపిల్లల నోట్లో నాలుగు ముద్దలు పెట్టడం, అన్నీ కాయ ముట్టకముందే అయిపోవాలి. ఒకసారి కాయ పట్టిన చెయ్యి సాయంత్రం దాకా బిడ్డకు పనికిరాదు. సబ్బు పెట్టి ఎంత రుద్దినా వేళ్ళ సందుల్లో మంట ఉండిపోతుంది. మూడో తరగతితో బడి మానేసి కోతలకు వెళ్ళినదాన్ని నేను. ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది నాకు ఆ మంటే నేర్పింది.

అందుకే ఈ ఏడు కోతల చివర్లో మా కోడలు ఫోన్ చేసి ఏడిస్తే నాకు జాలి కలగలేదు.

"నాకు చాతకావడం లేదత్తయ్యా. ఉద్యోగం మానేస్తానండి."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉందండి. టైమే చాలట్లేదు."

"దేవుడు అందరికీ ఇచ్చినంతే నీకూ ఇచ్చాడు. నేనొస్తున్నా. అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పమాక."

ఆ పిల్ల మంగళగిరిలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది. కాపురం నల్లపాడులో. పొద్దుటి రైలు అందితే వేళకు చేరుతుంది. తప్పిందా, గుంటూరు వెళ్ళి బస్సు పట్టుకుని, అందరూ కుర్చీల్లో కుదురుకున్నాక తల వంచుకుని లోపలికి పోవాలి. ఒంటిపూట బళ్ళు మొదలయ్యాక పిల్లల్ని ఇంకా ముందే తయారు చెయ్యాల్సి రావడంతో రైలు తప్పడం మామూలైపోయింది. పై అధికారి పిలిచి, ఇంకొన్నాళ్ళు చూస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే వేరేవాళ్ళను పెట్టుకుంటాననీ అన్నాడట. అతను తీసేసేలోపు తనే మానేస్తే మర్యాదగా ఉంటుందని ఈమె ఆలోచన. పెళ్ళయ్యాక, చంకలో పిల్లను పెట్టుకుని చదివి పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం అది. మా ఇంటి ఆడవాళ్ళలో ఫ్యాను కింద కూర్చుని పని చేసిన మొదటి మనిషి ఆమె. అది పోతే నా చెయ్యి విరిగినట్టే.

రెండు గోతాల ఎండుమిరపకాయలతో నల్లపాడులో దిగాను. వాళ్ళ ఏడాది కారానికి కొన్ని, చుట్టాలకు పంచడానికి కొన్ని. తొడిమ తీసిన కాయ బజారులో దొరకదని కాదు. చేతులుండగా తొడిమ తీసినందుకు ఇంకొకరికి డబ్బు పోయడం నాకు గిట్టదు.

మర్నాడు పొద్దున గోడకానుకుని కూర్చుని ఆ ఇంటి తంతు చూశాను. కోడలి ఫోను ఊరికే మోగుతోంది. పాలు కాచడానికో మోత, స్నానాలకో మోత, బాక్సులు సర్దడానికో మోత. ఒక్కో పనికి ఒక్కో పాట పెట్టుకుంది.

"ఆ ఫోను పిలవడమే గానీ గంటె తిప్పదు కదమ్మాయ్" అన్నాను. పాపం, నవ్వడానికి కూడా నిలబడలేదు.

రెండో తరగతి చదివే మనవరాలు "అమ్మా, జడ" అంటూ వెంటపడింది. ఈ మధ్యే బళ్ళో వేసిన మూడేళ్ళ మనవడు "అమ్మా, నీళ్ళు చల్లగున్నాయి" అని బాత్రూములోంచి అరిచాడు. మా వాడు మంచం దిగకుండానే "ఏమేవ్, నా తువ్వాలెక్కడ?" అన్నాడు. తువ్వాలు వాడి తలకాయ పక్కన కొక్కేనికే వేలాడుతోంది. వాడు కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. ఎండెక్కాక బండి మీద వెళ్తే సరిపోతుంది. అప్పటిదాకా ఫోన్లో మిర్చి ధరలు చూస్తాడు. సరుకు వాడిది కాదు, అమ్మేది వాడు కాదు, అయినా చూస్తాడు. బడి వదిలాక పిల్లలిద్దరినీ పక్కింట్లో మిషను కుట్టుకునే ముస్లిం ఆవిడ చూసుకుంటుంది. చిక్కంతా ఆ పొద్దుటి పూటే.

ఆ వారం పనంతా నేను నెత్తిన వేసుకున్నాను. కూర తరిగాను, జడలు వేశాను, పిల్లాడి వెంట గిన్నె పట్టుకుని తిరిగాను. రైలు ఒక్కరోజు తప్పలేదు. కోడలి మొహం తేటపడింది.

"మీరుంటే చాలత్తయ్యా" అంది.

"నేను కారం పట్టించి పోతాను. ఊళ్ళో చేను దున్నించుకోవాలి. పోయాక ఏంది సంగతి?"

మళ్ళీ మొహం వాడిపోయింది. "అప్పుడు మానేస్తానండి."

నా చేతులు అరువిచ్చి వారం గడిపించానే తప్ప, పని ఎక్కడున్నది అక్కడే ఉంది. అరువు సొమ్ముతో ఎన్నాళ్ళు సంసారం నడుస్తుంది?

ఆదివారం చర్చి నుంచి వచ్చాక డాబా మీద పట్టా పరిచి కాయలు పోశాం. నేనూ కోడలూ తొడిమలు తీయడానికి కూర్చున్నాం. మా వాడు నీళ్ళ ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుని ఫోను చూస్తున్నాడు. వాడి కాళ్ళ దగ్గర ఆడుకుంటున్న పిల్లాడు పైపు తట్టుకుని బోర్లా పడ్డాడు. తండ్రి చెయ్యి చాపితే అందేంత దూరం. తల్లి డాబా ఆ చివర. కానీ లేచి పరిగెత్తింది తల్లే. పిల్లాణ్ణి ఎత్తుకుని, "ఏంకాలేదు నాన్నా" అంటూ కళ్ళు తుడిచింది.

కాయల్లోంచి తీసిన ఆ చేత్తోనే.

వాడు పెట్టిన కేకకు పక్క డాబాల వాళ్ళు తొంగిచూశారు. కోడలు ఇంకా తుడవబోతోంది. "ముట్టుకోమాక! ఒరేయ్, నువ్వు పట్టుకోరా పిల్లాణ్ణి!" అని అరిచాను. నా చేతులూ కారమే. అందుకని మా వాడు వాణ్ణి ఒళ్ళో అదిమి పట్టుకుంటే, నేను వాణ్ణి తాకకుండా చెంబుతో చల్లటి నీళ్ళు కళ్ళ మీద ధారగా పోస్తూనే ఉన్నాను. బుగ్గలకు కొబ్బరినూనె కూడా మా వాడి చేతే రాయించాను. కాసేపటికి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది, కళ్ళు తెరిచాడు.

పిల్లాడు కళ్ళు తెరవగానే మా వాడు నోరు తెరిచాడు. "చేతులు చూసుకోవద్దా? బుద్ధుందా నీకు?"

ఆమె రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి లేదు.

"రేపు ఆఫీసులో చెప్పేస్తానత్తయ్యా. పిల్లాడి కళ్ళల్లో కారం కొట్టి నేను ఉద్యోగం వెలగబెట్టాలా?"

"కారం కొట్టింది ఉద్యోగమా? కూర్చో" అన్నాను. తర్వాత మా వాడి వైపు తిరిగాను. "ఒరేయ్, నీ చేతులు చూపించు."

చూపించాడు.

"తెల్లగా మల్లెపూలల్లే ఉన్నాయి. ఇవి పక్కనే ఉండగా, పిల్లాడు కారం చేతుల్లోకి ఎందుకు పోయాడు?"

"వాడు వాళ్ళమ్మ కోసమే ఏడుస్తాడమ్మా. నేనేం చేసేది?"

"నువ్వూ ఏడ్చావు రా నాకోసం. చేను చేనంతా వినపడేట్టు ఏడ్చావు. నీ కళ్ళల్లో ఒక్కసారన్నా కారం పడిందా? ఎందుకు పడలేదో తెలుసా?"

వాడికి తెలియదు. కోడలికి అసలే తెలియదు. చెప్పాను.

మా కోత ముఠాలో చంటిపిల్లల తల్లులు ఎప్పుడూ కొందరు ఉండేవాళ్ళు. చేను గట్టున తుమ్మచెట్లకు చీరల ఉయ్యాలలు కట్టేవాళ్ళం. మొదట్లో ఏ బిడ్డ ఏడిస్తే ఆ తల్లి సాలు వదిలి పరిగెత్తేది. చేతులు కడిగి, నూనె రాసి, మళ్ళీ కడిగేసరికి బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది. ఆమె సాలు వెనకబడేది, మేస్త్రి తిట్లు లంకించుకునేవాడు. చివరికి ముఠాలో పెద్దామె ఒక కట్టుబాటు పెట్టింది. రోజుకొక మనిషి కాయ ముట్టకూడదు. ఆ రోజుకు ఆమె చలవచెయ్యి. బిడ్డలందరినీ ఆమే చూస్తుంది. మాకు తాగే నీళ్ళు ఆమే నోట్లో పోస్తుంది. పాలవేళకు బిడ్డను మా రొమ్ముకు పట్టేది కూడా ఆమే. మేము చేతులు వెనక్కి కట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆమె కొయ్యాల్సిన సాలును మిగతావాళ్ళం తలా కాస్త కోసేవాళ్ళం. ఆమె కూలి ఆమెకు వచ్చేది.

అందులో ఇంకో షరతు ఉంది. కష్టమైంది అదే. చలవచెయ్యి ఉండగా, బిడ్డ ఏడ్చినా తల్లి తల తిప్పకూడదు. తల్లి లేచి వచ్చిందంటే ఇద్దరి పనీ చెడుతుంది. మా వాడు ఉయ్యాల్లో గొంతు చించుకుంటుంటే నేను సాలు చివరిదాకా వంచిన నడుం ఎత్తలేదు. ఎవరో ఎత్తుకున్నారు, ఎవరో ఊరుకోబెట్టారు. వాడికేమీ కాలేదు. సూపర్‌వైజర్ అయ్యాడు.

"కాబట్టి రేపటి నుంచి, పొద్దుటిపూట ఈ ఇంటికి నువ్వే చలవచెయ్యి" అన్నాను వాడితో.

"నేనా? నాకు జడలెయ్యడం వచ్చా ఏందమ్మా?"

"గోతాం మూతి కుట్టడం వచ్చుగా. జడకుండేది మూడు పాయలే."

అంత ఏడుపులోనూ కోడలికి నవ్వొచ్చింది. "ఆయనకు పిల్లల సాక్సులు ఎక్కడుంటాయో కూడా తెలీదత్తయ్యా."

"వెతుక్కుంటాడు. కోల్డ్ స్టోరేజీలో ఎవరి గోతాం ఎక్కడుందో తెలుసుకున్నోడికి ఇంట్లో సాక్సులు దొరకవా? నువ్వు మాత్రం ఆఫీసులో నోరెత్తమాక. ఈ రెండు గోతాలూ అయ్యేదాకా ఆగు. అప్పటికీ కుదరకపోతే నీ ఇష్టం, నేను అడ్డం రాను."

ఆమె తల ఊపింది. వంట, బాక్సులు, తను తయారవడం కోడలివి. పిల్లల్ని లేపిన దగ్గర్నుంచి బడిలో దింపేదాకా మా వాడిది. ఇక నేను పొద్దున లేస్తూనే మిరపకాయల ముందు కూర్చున్నాను. నా చేతులు ఖాళీగా కనిపిస్తే వాళ్ళందరూ వచ్చి వాలేది నా మీదే అని నాకు తెలుసు.

"అమ్మా, ఈ రిబ్బనెట్టా కట్టాలి?"

"నా చేతులు కారం."

"నాయనమ్మా, నాన్న నీళ్ళు వేడిగా పోస్తన్నాడు!"

"మీ నాన్నకే చెప్పు. నా చేతులు కారం."

ఆ మాటకు తిరుగు లేదు. గుంటూరు జిల్లాలో పుట్టినవాడెవడూ దానికి ఎదురు చెప్పలేడు.

మొదటిరోజు మనవరాలి జడ ఒకటి చెవి మీద, ఇంకొకటి మెడ వెనక తేలింది. పిల్ల అద్దంలో చూసుకుని, "నాన్నా, మా టీచరు నవ్వుద్ది" అంది.

"నవ్వనీ. నవ్వితే ఆరోగ్యం" అన్నాడు మా వాడు చెమట తుడుచుకుంటూ.

బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దిగిన కోడలు ఆ జడలు చూసి వెనక్కి తిరిగింది. చెయ్యి అప్పటికే పిల్ల తల మీదికి వస్తోంది.

"అమ్మాయ్, తల తిప్పమాక" అన్నాను.

ఆ చెయ్యి గాలిలో ఆగింది. ఆ ఒక్క క్షణంలో అంతా తేలిపోతుందని నాకనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుని, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. రైల్లో ఏడ్చుకుందట. ఏడిస్తే ఏడ్చింది. రైలెక్కి ఏడ్చింది.

తల్లులు బోర్లా పడేది ఇక్కడే. పని అప్పజెప్పి, వెనకే వచ్చి మళ్ళీ తామే చేస్తారు. వంకర జడను సరిచేసిన తల్లి బతికినంతకాలం జడలు వేస్తూనే ఉంటుంది. వంకర జడతో పిల్ల బడికి పోతే కొంప మునగదు. మర్నాటికి అది కాస్త తిన్నగా వస్తుంది, ఆ పైన ఇంకాస్త.

కొన్నాళ్ళు ఇల్లంతా సంతలా ఉంది. మనవడు చొక్కా తిరగేసుకుని వెళ్ళాడు. ఒకరోజు ఎడం బూటు కుడికాలికి వెళ్ళింది. ఒక సాయంత్రం మా వాడు అన్నం తింటూ, "రోజూ ఇంతేనా వీళ్ళు? ఇన్నాళ్ళూ ఎట్టా నెగ్గుకొచ్చావే?" అని పెళ్ళాన్ని అడిగాడు.

"నెగ్గుకు రాలేకేగా మానేస్తానన్నది" అంది కోడలు.

వాడు ఆ రాత్రి పడుకోబోయే ముందు రెండు బ్యాగులు, రెండు జతల బూట్లు, నీళ్ళసీసాలు గుమ్మం పక్కన వరసగా పెట్టాడు. ఏందిరా అంటే, "ముందు బయటికి పోయే సరుకు తలుపు దగ్గరుండాలమ్మా. మా దగ్గరంతే" అన్నాడు. ఆ ఏర్పాటు నేను చెప్పింది కాదు, కోడలు చెప్పిందీ కాదు. వాడి బుర్రలోంచి వచ్చింది. పని తనది అనుకున్నవాడికే ఉపాయం తోస్తుంది.

ఇంకొకరోజు పొద్దున మనవడు కడుపు నొప్పని చుట్టచుట్టుకు పడుకున్నాడు. కోడలు, మా వాడు ఒక్కసారే నావైపు చూశారు. నేను కాయలవైపు చూశాను. మా వాడు ఫోను తీసి, "ఇవాళ కొంచెం లేటుగా వస్తానండీ, పిల్లాడికి బాగాలేదు" అన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో అప్పటిదాకా ఎప్పుడూ కోడలి నోట్లోంచే వచ్చేది. ఆమె చెప్పులు వేసుకుని కాస్సేపు నిలబడింది. తర్వాత వెళ్ళింది. తల తిప్పలేదు.

రెండో గోతాం కాయలు కాస్త నిదానంగానే తీశాను. అవీ అయ్యాయి. మర పట్టించి, జల్లించి, జాడీల్లోకి ఎత్తాక కోడల్ని అడిగాను.

"ఏమ్మాయ్, గోతాలైపోయినాయి. ఆఫీసులో ఏం చెప్తున్నావు?"

"మా సారే పిలిచి అడిగారండి, ఈ మధ్య ఏ రైలుకొస్తున్నావని."

"నువ్వేమన్నావు?"

"ఎప్పుడూ వచ్చే రైలేనండి అన్నాను."

ఇంక నాకు అక్కడ పని లేదు. సంచి సర్దుకుని బస్సెక్కాను.

వేసవి పోయింది, వానలు పడ్డాయి, బళ్ళు తెరిచారు. ఒక పొద్దున పత్తిచేలో ఎక్కడెక్కడ గింజ మొలవలేదో చూసుకుంటూ నడుస్తుంటే ఫోను మోగింది. కోడలు. ఆ వేళప్పుడు ఆ పిల్ల ఫోనంటే ఇదివరకు రైలు తప్పిందనే లెక్క.

"అత్తయ్యా, పత్తి మొలిచిందాండి?"

ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.

"చాలావరకు మొలిచింది. పిల్లలు తిన్నారా? బడికెళ్ళారా?"

"ఏమోనండి, ఆయన్నడగండి. నేను రైల్లో ఉన్నాను."

"కూర్చున్నావా, నిలబడ్డావా?"

"కిటికీ పక్కన కూర్చున్నానత్తయ్యా."

"సరే, ఉంచెయ్. డబ్బులు దండగ."

"డబ్బులు పడవండీ. చెప్పండి, ఎక్కడ మొలవలేదు?"

చెప్పాను. పల్లపు వైపు నీళ్ళు నిలిచి గింజ కుళ్ళిందనీ, గట్టువార బాగుందనీ, ఎల్లుండి మళ్ళీ గింజ పెట్టిస్తాననీ, సాలు వెంట సాలు నడుస్తూ, ఆ పిల్ల తన స్టేషను వచ్చిందనేదాకా చెప్పాను.