కొమురయ్య సార్ స్కూటర్ వెనక

నిన్న పెద్దపల్లి బస్టాండు ముందు ఒక పాత స్కూటర్ పొగ వదులుకుంటూ పోయింది. మాడిన ఆయిలు వాసన తగలగానే నా వేళ్లు చేతిలో లేని సైకిల్ బ్రేకు కోసం వెతుక్కున్నాయి. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. కొమురయ్య సార్ కాలం చేశారు గానీ, ఆయన మీద నా కోపం మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆయన మా బడిలో వ్యాయామం సార్. నేను గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుడి కూతురిని. సైకిల్ పందెంలో చివరి గీత ముందు అందరినీ దాటే దూకుడు నాలో ఉందని కనిపెట్టింది ఆయనే. అంతటితో ఊరుకుని ఉంటే చేతులెత్తి మొక్కేదాన్ని. రోజూ పొద్దున్నే సుల్తానాబాద్ రోడ్డు మీద ఆయన స్కూటర్ ముందు, ఎదురుగాలి తగలకుండా దానికి అతుక్కున్నట్టు నా సైకిల్ వెనక. తెలిసిన మనిషి ఎదురైతే చాలు, చెయ్యి చూపకుండా టక్కున ఆగిపోయేవారు. ఆ దారిలో ఆయనకు తెలియని మనిషి ఉంటే కదా! క్షేమసమాచారాలు మొదలైతే వాళ్ల బర్రె ఈనిన కబురు దాకా సాగాల్సిందే. ఈలోగా నేను రోడ్డు మీద పడి ఉండేదాన్ని. ఒకసారి మోచెయ్యి చీరుకుపోతే ఏడుస్తూ నిలదీశాను.

"మనిషి కనవడ్డంక పలుకరియ్యకుండ ఎట్ల పోతం బిడ్డా? నువ్వే జర సూసుకోవాలె," అన్నారు.

చేసేదేముంది, ఆయన వీపును చూసి మనసు కనిపెట్టడం నేర్చుకున్నాను. ఆగబోయే ముందు ఆయన ఎడమ భుజం కాస్త వాలేది.

రాష్ట్ర జట్టు ఎంపిక పందెం ఆదిలాబాద్‌లో పెట్టారు. ఈసారి కూడా ఎంపిక కాకపోతే సైకిల్ తమ్ముడికి ఇచ్చేస్తానని బాపు ముందే తేల్చి చెప్పాడు. గీత కనిపిస్తుండగా, చివరి మలుపు దగ్గర నా ముందున్న అమ్మాయి భుజం వాలింది. ఆమె బ్రేకు వేసేలోపే పక్కకు తప్పుకున్నాను. నా వెనకవాళ్లు ఒకరి మీద ఒకరు పడిపోయారు. నేనే ముందు గీత దాటాను.

సార్ అక్కడ లేరు. వెతికితే దూరంగా టీ కొట్టు దగ్గర, రోడ్డుకు వీపు పెట్టి ఎవరితోనో కబుర్లలో ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. దగ్గరికి పోతే, చేతిలో గ్లాసు నిండుగానే ఉంది, చాయ్ మీద మీగడ కట్టింది.

"గెలిచిన సార్. మీరు సూడనే లేదు."

"సూసే ధైర్యం రాలే బిడ్డా," అన్నారు.

నెలల తరబడి నా మోచేతులు చెక్కుకుపోయేలా చేసిన మనిషికి ధైర్యం లేదట! ఆ తర్వాత రాష్ట్రం తరఫున, ఉద్యోగం వచ్చాక ఆఫీసు జట్టు తరఫున చాలా పందేలు గెలిచాను. బతికున్నన్నాళ్లూ సార్ వచ్చి టీ కొట్టు దగ్గరే ఉండిపోయేవారు, ఒక్కటీ చూడలేదు. గీత దాటగానే మిగతావాళ్లు చేతులు పైకెత్తుతారు. నేను ఇప్పటికీ టీ కొట్ల వైపు చూస్తాను. ఆయన ఉండరని తెలుసు. అయినా చూస్తాను, మళ్లీ కోపమొస్తుంది, ఏడుపూ వస్తుంది.