అద్దాలక్క పట్టిన పగ

అద్దాలక్క పగబట్టిందంటే ఇక అంతే సంగతులు. కళ్లజోళ్ల షాపు ఆమెది. ముందు గదిలో ఫ్రేములు చూపించి బేరాలాడటం మొగుడి పని, వెనక గదిలో చూపు పరీక్షించి అద్దాలు అరగదీయడం ఈమె పని. అందుకే వీధి మొత్తానికీ ఆమె అద్దాలక్క. తనకు దక్కాల్సిన మర్యాదలో వెంట్రుకవాసి తగ్గినా ఊరుకునే రకం కాదు. ఒకసారి తప్పు నంబరు అద్దాలు పంపి, తప్పు మీదేనని బుకాయించిన టోకు వ్యాపారిని, అతనే వచ్చి బతిమాలేదాకా గుమ్మం ఎక్కనివ్వలేదు.

సొంత చెల్లెలితోనే మాటలు మానేసిన మనిషికి టోకు వ్యాపారి ఒక లెక్కా? అక్కాచెల్లెళ్లిద్దరూ పుస్తకాల పురుగులు. బంధువులింట్లో పదిమందీ కూర్చున్న చోట అక్క ఒక లావుపాటి నవల గురించి ఊదరగొడుతుంటే, చెల్లెలు నవ్వుతూ, "అది సగంలోనే వదిలేసింది, చివరి పేజీ చూసి చెబుతోంది" అనేసింది. అది నిజం. నిజం కాబట్టే అద్దాలక్కకి తలకొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి చెల్లెలి గడప తొక్కలేదు, ఆమె చేస్తే ఫోను ఎత్తలేదు.

అయినా ఒక్క దారి మిగిలింది. చదివిన పుస్తకాలు రాసిపెట్టుకుని, నక్షత్రాలు వేసి, నాలుగు ముక్కలు రాసుకునే పెద్ద యాప్ ఒకటుంది. లోకంలో చదివేవాళ్లంతా తన దగ్గరే ఉన్నారని గొప్పలు పోతుంటుంది. కలిసున్న రోజుల్లో ఇద్దరూ అందులో ఒకే ఖాతా తెరిచారు. గొడవయ్యాక ఎవరూ దాన్ని వదల్లేదు. "నేనెందుకు పోవాలి, పోతే అదే పోవాలి" అని అక్క పంతం. ఆమె పొద్దున ఒక పుస్తకానికి ఐదు నక్షత్రాలు వేస్తే సాయంత్రానికి అవి రెండయ్యేవి. కింద "ఈ ఏడుపుగొట్టు కథకి ఐదా? మతి పోయిందా?" అని ఒక వాక్యం చేరేది. అక్క పళ్లు కొరుకుతూ మళ్లీ ఐదు చేసి, "నీకు ఏడుపెలా వస్తుంది, నీది రాతిగుండె" అని తగిలించేది. ఒకసారి కొన్ని వారాల పాటు నక్షత్రాలు కదల్లేదు. అద్దాలక్కకి అన్నం సహించలేదు. తర్వాత "జ్వరంలో చదివాను, అందుకే బాగుందేమో" అన్న ముక్క కనబడితే గానీ ప్రాణం కుదుటపడలేదు.

అలాంటిది, ఒక ఉదయం షాపు తీసి యాప్ తెరవబోతే ఖాతా లేదు. దాని బదులు ఒక మెయిల్ వచ్చి ఉంది: "మీ కోరిక మేరకు మీ ఖాతాను శాశ్వతంగా తొలగించాం."

"నేనెప్పుడు కోరానురా!"

ఆ అరుపుకి ముందు గదిలో మొగుడి చేతిలోని ఫ్రేము జారిపడింది.

కంపెనీకి రాసింది. "మీ అనుభవం మాకెంతో విలువైనది" అని జవాబొచ్చింది. ఘాటుగా మళ్లీ రాసింది. అక్షరం మారకుండా అదే జవాబు. అవతల మనిషే లేడని అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా చెల్లెలు తిట్టిన తిట్లన్నీ ఒక్క దెబ్బతో తుడిచిపెట్టి, పైగా నువ్వే అడిగావంటారా?

"పోనీ మీ చెల్లెలికొక ఫోను కొట్టరాదూ" అన్నాడు మొగుడు మెల్లగా.

"దాంతో నాకేం పని? నా గొడవ కంపెనీతో."

కసికొద్దీ వెతికింది. ఆ పెద్ద యాప్ పొడ గిట్టనివాళ్లు సొంతంగా కట్టుకున్న చిన్న చిన్న సైట్లు చాలానే బయటపడ్డాయి. ఒకటి చూడముచ్చటగా ఉంది గానీ, లోపలికి రానివ్వకముందే ఫోన్ నంబరు అడిగింది. "నా నంబరుతో నువ్వేం చదువుతావు?" అని విసుక్కుని బయటికొచ్చేసింది. ఇంకొకదాన్ని కట్టినవాళ్లే వదిలేసి వెళ్లిపోయారు. చివరికి ఒక రిటైరైన ప్రింటింగు ప్రెస్సు ఆయన, భార్యతో కలిసి ఇంట్లో కూర్చుని నడుపుకునే సైటు దొరికింది. ప్రకటనల్లేవు. తర్వాత ఏం చదవాలో చెప్పి ప్రాణం తీయదు. రాసుకున్నదంతా ఎప్పుడు కావాలంటే అప్పుడు దింపుకుని ఇంట్లో దాచుకోవచ్చు. అయినా అద్దాలక్క అంత తేలిగ్గా నమ్మలేదు. "నా ఖాతా చెప్పి మూస్తారా, చెప్పకుండా మూస్తారా?" అని నిలదీసింది.

"మూయమని ఎవరైనా అడిగితే ఎందుకని నేనే రాసి కనుక్కుంటానమ్మా. ఉన్నదే కొద్దిమందిమి, ఒకరు పోతుంటే బాధగా ఉంటుంది" అని ఆయన స్వయంగా జవాబు రాశాడు. ఆమె ఆ రోజే చేరిపోయింది.

తాను బయటికొచ్చేస్తే పగ తీరినట్టా? కంపెనీకి నొప్పి తెలియాలి కదా.

కళ్లజోళ్ల షాపుల్లో దగ్గరి చూపు పరీక్షించడానికి ఒక అట్ట ఉంటుంది. పైన పెద్ద అక్షరాలు, కిందికి దిగేకొద్దీ చిన్నవి. ఆమె షాపులోని అట్ట మీద సూర్యుడు, పువ్వులు, బుద్ధిమంతుడైన బాలుడు అంటూ చప్పటి వాక్యాలేవో ఉండేవి. అద్దాలక్క దాన్ని మూలన పడేసి తన మాటలతో కొత్తది అచ్చు వేయించింది. వచ్చినవాళ్ల ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ "చదవండి" అనేది. వాళ్లు బుద్ధిగా పైకి చదివేవాళ్లు.

"పుస్తకం మీది. చదివే కళ్లు మీవి. మీరు ఏ పేజీ దగ్గర ఆగారో కనిపెట్టి చూసేది మాత్రం పెద్ద కంపెనీ..."

"ఇప్పుడు స్పష్టంగా ఉందా?"

"చాలా స్పష్టంగా ఉందండీ."

"అయితే మీ ఫోను తీయండి."

బ్యాంకు గుమాస్తా మారాడు. ఎదురు షాపు దర్జీ మారాడు. పుస్తకం ముట్టని ఒకావిడ కూడా, ఎందుకొచ్చిన గొడవని, ఆ చిన్న సైటులో చేరింది. "ఏం చేస్తున్నారమ్మా, మీ వీధి వీధంతా వచ్చి దిగుతోంది" అని ప్రెస్సు ఆయన ఆశ్చర్యపోయాడు. ఎదుటివాళ్ల ఫోనులో ఆ పెద్ద యాప్ మాయమైన ప్రతిసారీ అద్దాలక్కకి కడుపు చల్లబడేది.

"చూపు కోసం వచ్చినవాళ్ల చేత నీ పగ చదివిస్తున్నావు. ఆ కంపెనీకి చీమ కుట్టినట్టయినా ఉండదు" అన్నాడు మొగుడు.

"ఉండకపోతే పోనీ. కుట్టానన్న తృప్తి చీమకి ఉంటుందిగా!"

కానీ సాయంత్రాలు ఆ తృప్తి నిలిచేది కాదు. కొత్త సైటులో ఐదు నక్షత్రాలు వేస్తే ఐదూ అలాగే ఉండేవి. ఎవరూ తగ్గించరు, ఎవరూ తిట్టరు. చెల్లెలు బాగానే ఉందో, మళ్లీ జ్వరంతో పడుకుందో తెలిసే దారి లేదు. ఆ బెంగ పెరిగినకొద్దీ అట్ట మీద కంపెనీని తిడుతూ ఇంకో వాక్యం చేరేది.

ఒక రోజు మొగుడు వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఒకావిడ వచ్చింది. దగ్గరి అక్షరాలు ఆనడం లేదట" అని ఆమె మొహం చూడకుండా చెప్పి వెళ్లిపోయాడు.

వచ్చింది చెల్లెలు. కాస్త చిక్కింది. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. పలకరించకుండా కుర్చీలో కూర్చుంది. అద్దాలక్కా పలకరించలేదు. ఎవరో కొత్తమనిషికి పెట్టినట్టే ఫ్రేము పెట్టింది గానీ, అద్దం బిగించబోతే అది గాడిలో పడలేదు. రెండోసారికి పడింది.

"చదవండి" అంది, 'అండి'ని నొక్కి మరీ.

చెల్లెలు అట్ట అందుకుని ఒక్కొక్క వాక్యమే చదివింది. ఒకటి రెండు చోట్ల నవ్వు ఆపుకుంది. అన్నిటికన్నా చిన్న అక్షరాల దగ్గరికి వచ్చింది. "మీరు అడగకుండానే మీ ఖాతా తీసేసి, మీరే అడిగారని అబద్ధం..." అక్కడ ఆగిపోయింది.

"కనబడటం లేదా?"

"కనబడుతోందక్కా. వాళ్లు అబద్ధమాడలేదు. మూసేయమన్నది నేనే."

అద్దాలక్క చేతిలోని అద్దం చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకే?"

"నక్షత్రాలు మార్చుకుంటూ ఎన్నాళ్లని బతుకుతాం? అది కూడా లేకపోతే నాకు ఫోను చేస్తావనుకున్నా. తిట్టడానికైనా చేస్తావనుకున్నా. ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నానక్కా. నువ్వేమో కంపెనీకి రాశావు, బావ అంతా చెప్పాడులే. ఎవరో ప్రెస్సు ఆయనకి రాశావు. వీధిన పోయేవాళ్లందరికీ చెప్పుకున్నావు. నాకు తప్ప."

అద్దాలక్కకి సిగ్గేసింది. సిగ్గు కన్నా కోపం ఎక్కువొచ్చింది, ఆ రెంటినీ మించి ఏడుపొచ్చింది. "అన్నీ పోయాయి కదే" అంది. "నువ్వు రాసినవన్నీ. రోజూ షాపు తీయగానే ముందు అవే చూసుకునేదాన్ని."

అద్దాలక్క కొంగుతో మొహం తుడుచుకుని ఒక్కసారిగా గొంతు పెంచింది. "అయినా ఆ కంపెనీకి బుద్ధుండక్కర్లా? నువ్వు అడిగితే మాత్రం మూసేయడమేనా? పెద్దదాన్ని, నన్నొక్క మాట అడగొద్దూ? వాళ్లని మాత్రం వదిలేది లేదు."

"వాళ్లని తర్వాత తిట్టుకుందువు గానీ, ముందు నన్ను తిట్టు. అందుకే వచ్చాను."

"నిన్నా? నిన్ను మొదలుపెడితే ఇవాళ్టికి వ్యాపారం లేనట్టే" అంది అద్దాలక్క. స్టూలు లాక్కుని చెల్లెలికి ఎదురుగా మోకాళ్లు తగిలేలా కూర్చుంది. తర్వాత ముందు గదిలోకి కేకేసింది. "ఏవండీ, ఆ షటరు దించేయండి!"

ఆయన అప్పటికే సగం దించేశాడు.