సత్తియ్య గారి పళ్లసెట్టుకు పట్టిన బ్లీచింగు

రాజోలు దిగువన, గోదారి సముద్రంలో కలిసే వైపు, రొయ్యల సాగంటే ఏమిటో ఎవరూ ఎరగని రోజుల్లో మొట్టమొదటి చెరువు తవ్వింది సత్తియ్య గారు. చదివింది ఐదో తరగతి. తెల్లమచ్చ రోగం వచ్చి చుట్టుపక్కల చెరువులన్నీ ఊడ్చుకుపోయిన ఏడు, నీళ్లకు బ్లీచింగు కొట్టి, వల దగ్గర్నుంచి కాలిచెప్పు దాకా బ్లీచింగులో ముంచనిదే ఎవర్నీ గట్టెక్కనివ్వకుండా పంట దక్కించుకున్నది ఆయనొక్కరే. ఆ తర్వాత నలభై మంది రైతులకు మోతాదు నేర్పారు. ఎంత లోతు నీళ్లకు ఎన్ని బస్తాలో కాగితం అక్కర్లేకుండా చెబుతారు.

అందుకే ఊళ్లో ఏ చెరువులో రొయ్యలు పట్టుబడికొచ్చినా, ముందు ఓ రొయ్యను గట్టుమీదే కాల్చి ఆయన చేతిలో పెడతారు. ఆయన నమిలి బురద వాసన లేదంటేనే వల దిగుతుంది. ఉందంటే నీళ్లు మార్చి నాలుగు రోజులు ఆగుతారు. సరుకు కొనే వీరబాబు కూడా ఆ మాట దాటడు.

డెబ్బై నాలుగో ఏటికి పళ్లన్నీ పోయాయి. కింది చిగురు బాగా అరిగిపోవడంతో కట్టుడు పళ్లు పెడితే పుండ్లు పడేవి. అమలాపురంలో పళ్ల డాక్టరు ఉమామహేశ్వరి గారు సెట్టు అడుగున, చిగురుకు ఆనే చోట, రబ్బరులాంటి మెత్తటి పొర వేశారు. ఆ మధ్యాహ్నమే సత్తియ్య గారు భార్య చిట్టెమ్మ గారి చేత చేపల పులుసు మారు వడ్డించుకున్నారు.

రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ నొప్పి. పొర తెల్లగా పాలిపోయి, గోరు దిగనంత గట్టిపడి, ఓ అంచున లేచింది. చూస్తే ఆదివారం అల్లుడి చెరువు పట్టుబడి. ఈసారికి రొయ్య రుచి వీరబాబునే చూడమందామా అని చిట్టెమ్మ గారు మెల్లిగా అడిగారు. పాతికేళ్లుగా తనదైన పని అది. సత్తియ్య గారు మజ్జిగన్నం మింగి లేచారు.

బుధవారం అమలాపురం బస్సెక్కారు. నాసిరకం పొర వేశారని నిలదీయడానికి దారంతా మాటలు కూర్చుకున్నారు. డాక్టరు గారు సెట్టు వాసన చూసి, దీన్ని దేంట్లో ఉంచుతున్నారని అడిగారు. రోజూ పడుకోబోయే ముందు గ్లాసుడు నీళ్లలో బ్లీచింగు కలిపి తెల్లారేదాకా నానబెడతానని, చెరువుల్నే బతికించిన మందని ఆయన గర్వంగానే చెప్పారు.

"ఎంత వేస్తారండీ?"

"చిటికెడేనండి."

"ఆ లెక్కన ఎకరం చెరువుకి ఎంతవుద్దో మీరే చెప్పండి తాతగారూ. చెరువుల లెక్క నాకు రాదు."

సత్తియ్య గారు కళ్లు మూసుకున్నారు. పెదాలు కాసేపు కదిలి ఆగాయి.

"ఆరొందల బస్తాలండి."

"మామూలుగా ఎన్ని వేస్తారు?"

"పదిహేను." ఆయన తల దించుకున్నారు. "ఆరొందలు పోస్తే రొయ్యేంటండి, గట్టుమీద గడ్డి కూడా మిగల్దు."

అంత ఘాటు మందు పొరలోని మెత్తదనాన్ని తినేస్తుందని ఆవిడ చెప్పారు. వేడినీళ్లు, గరుకు బ్రష్షు కూడా వద్దన్నారు. తిన్నాక కడిగి, మెత్తటి బ్రష్షుతో కాస్త సబ్బు రాసి తోమి, రాత్రికి చల్లటి మంచినీళ్లలో ఉంచితే చాలట. అలా చూసుకున్నా పొరను అప్పుడప్పుడు మార్పించుకోవాల్సిందేనట.

"ఆయ్. తప్పు నాదేనండి. ఆదివారం లోపల కొత్తది పడుద్దాండి?" అన్నారు సత్తియ్య గారు. ఆవిడ శనివారం రమ్మన్నారు.

ఆదివారం పొద్దున్నే గట్టుమీద అందరూ మూగాక, ఎవరూ అడక్కుండానే తన ఆరొందల బస్తాల సంగతి ఆయనే బయటపెట్టారు. తమ మోతాదు మాస్టారు ఇలా చేశారంటే రైతులు ముందు నమ్మలేదు.

"పోన్లెండి మావయ్యా, ఇంక మీ నోట్లోకి తెల్లమచ్చ రాదు," అన్నాడు వీరబాబు. గట్టంతా నవ్వింది. సత్తియ్య గారూ నవ్వారు, కొత్త పొర మీద సెట్టు కదలకుండా.

కాల్చిన రొయ్య అందుకుని ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు తీరుబడిగా నమిలారు. ఎక్కడా చురుక్కుమనలేదు. బురద వాసనా లేదు.

"దించండి వల," అని, ఇంకో రొయ్య కోసం చెయ్యి చాచారు.

"మళ్లీ ఎందుకండీ మావయ్యా?" అన్నాడు వీరబాబు.

"ఇది నాక్కావాలి."