అక్క గొంతు మీద నా గొంతు

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోశాను. పెద్ద అబద్ధమేమీ కాదు, రెండు ముక్కలు. "శ్రుతి నిలవలేదు" అన్నాను. ఆ రెండు ముక్కలతో ఒక మనిషి పాడడం మానేసింది. ఆవిడ నా తోటికోడలు. పేరు సుగుణ అనుకోండి. అసలు పేరు రాయను. నా పేరూ రాయను. పేర్లు దాచుకుని ఒప్పుకోవడం ఏమిటని మీరడగొచ్చు. నన్ను చూస్తే నాకే చిరాగ్గా ఉంది. అయినా ప్రస్తుతానికి ఇంతే చేతనవుతోంది. వినండి.

మాది మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సుగుణక్క అంగన్‌వాడీ టీచరు. మా మావయ్యగారు ఇక్కడి లూథరన్ చర్చిలో, పాస్టరు తరఫున వాక్యం చెప్పే ఉపదేశిగా పనిచేసేవారు. ఆయన సొంతంగా కొన్ని పాటలు కట్టారు. నేను కోడలిగా వచ్చేసరికే మంచం పట్టారు. అక్క ఆయన మంచం పక్కన కూర్చుని, ఆయనకు గంజి పట్టిస్తూ, ఆ పాటలన్నీ నేర్చేసుకుంది. ఆయన పోయాక ఆ రాగాలు తెలిసిన మనిషి అక్క ఒక్కతే. చర్చిలో ఆవిడ పాడుతుంటే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు.

చర్చి వార్షికోత్సవం వచ్చినప్పుడు మావయ్యగారి పాటలు రికార్డు చేయించాలని అందరూ అనుకున్నారు. అక్క భర్త, అంటే మా బావగారు, భీమవరంలో స్టూడియో ఉంది, అక్కడికి వెళ్దామన్నారు. నేనే అడ్డం పడ్డాను. ఇంట్లో కంప్యూటరుంది, ఒక మైకు తెచ్చుకుంటే చాలు, మిగతాది నేను నేర్చుకుంటానన్నాను. ఎందుకన్నాను? ఇంట్లో పాట అంటే అక్కే. వంటన్నా అక్కే. నాకంటూ ఒకటి కావాలనిపించిందేమో. అప్పుడైతే ఇంత ఆలోచించలేదు. గొప్పగా అనేశాను, అంతే.

అక్కణ్ణుంచి మొదలైంది నా అవస్థ. ఫోన్లో పాఠాలు చెప్పే ఒకాయన, పుట్టినప్పటి నుంచీ మనకిదంతా తెలుసన్నట్టు గబగబా మాట్లాడేస్తాడు. ఆయన తెర మీద ఉన్న బటను నా తెర మీద ఉండదు. మైకులో మాట్లాడితే నా గొంతు నాకే కాస్త ఆలస్యంగా వినిపించేది, వెనకాల ఎవరో వెక్కిరిస్తున్నట్టు. అది సరిచేస్తే చిటపటలు. అవి పోయాయనుకుంటే కిటికీలోంచి రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల హోరు. కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ కూర్చునేదాన్ని. పదో తరగతి పిల్లలకి త్రికోణమితి చెప్పే నేను, తెర మీద గీతలా కనిపించే పాటని ఒకచోట కోసి ఇంకోచోట అతికించలేక కీబోర్డుని కొట్టేదాన్ని. ఆ కోపమంతా ఎవరి మీద తీర్చుకున్నాననుకున్నారు? పాడడానికి వచ్చిన మనిషి మీద.

అక్కకి హెడ్‌ఫోన్స్ పెట్టి, తాళం కోసం అందులో టిక్కు టిక్కు మనే శబ్దం వేసి, దాంతో కలిపి పాడమన్నాను. ఆవిడకి కుదరలేదు. మావయ్యగారి పాట అలా నడవదు. చరణం చివర ఆయన స్వరాన్ని పట్టుకుని నెమ్మదిగా కిందికి జార్చేవారట. ఆ జార్చడంలో టిక్కు ముందుకెళ్ళిపోయేది. నేను విసుక్కునేదాన్ని. మళ్ళీ పాడమనేదాన్ని. ఆవిడ మంచినీళ్ళు తాగి మళ్ళీ పాడేది. చివరికి విసిగిపోయి ఆ టిక్కు తీసేశాను. చర్చిలో హార్మోనియం వాయించే మాస్టారిని పిలిచి అదే గదిలో కూర్చోబెట్టి, ఆయనకో మైకు, అక్కకో మైకు పెట్టి, మీ ఇష్టమొచ్చినట్టు పాడుకోండి అన్నాను.

అక్క కళ్ళు మూసుకుంది. రాత్రంతా వల వేసి ఖాళీ చేతులతో ఒడ్డుకొచ్చిన జాలర్ల పాట అది. పాట అయిపోయాక మాస్టారు హార్మోనియం మీంచి చేతులు తియ్యలేదు. నేను రికార్డింగు ఆపడం మర్చిపోయాను. అక్క హెడ్‌ఫోన్స్ తీసి నా ఒళ్ళో పెట్టి, "ఇంక నన్ను పాడమనకమ్మా, ఇలా మళ్ళీ రాదు" అంది.

ఆ గొంతుని పోగొట్టాను. ఎలాగో చెబుతాను. ఒక్కో మైకులో పడింది ఒక్కో ట్రాకుగా విడివిడిగా ఉంటుంది. హార్మోనియం శబ్దం బాగుచేద్దామని, అక్క గొంతున్న ట్రాకుని పాటలోంచి కాసేపు తీసేశాను. ఫోల్డర్లో ఎలాగూ ఉంటుంది కదా, తర్వాత పెట్టుకోవచ్చనుకున్నాను. ఇంతలో కంప్యూటర్లో జాగా చాలట్లేదని చెప్పింది. వాడని రికార్డింగులు శాశ్వతంగా తీసేయమంటావా అని అడిగింది. అప్పటికే విసిగి ఉన్నాను. ముందు పాడించినవీ, చెడిపోయినవీ బోలెడున్నాయి, అవే అనుకున్నాను. అవునని నొక్కాను. పాటలోంచి తీసేశాను గనక అక్క గొంతు కూడా దాని లెక్కలో వాడనిదే. ఆ సంగతి తర్వాత వెతుక్కుంటే అర్థమైంది. ఎంత వెతికినా దొరకలేదు. కంప్యూటర్ని తిట్టాను. ఫోన్లో పాఠం చెప్పినాయన్ని తిట్టాను. నన్ను తప్ప అందర్నీ తిట్టాను.

నిజం చెబితే ఏమయ్యేది? బావగారు నవ్వేవారు, అంతే. ముందే చెప్పానుగా అనేవారు. అక్క నొచ్చుకునేది, తర్వాత ఇంకోసారి కూర్చునేది. అంతకుమించి ఏమీ జరిగేది కాదు. ఆ నవ్వు పడలేకపోయాను. దానికి భయపడి ఇంత చేశానా? ఎన్నిసార్లు అడుక్కున్నా నాకీ ఒక్క జవాబే వస్తోంది. ఇంకో జవాబుందేమో. ఆ రోజు ఆవిడ పాడుతున్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, నిజమే. దాంతోపాటు లోపల ఎక్కడో చురుక్కుమంది కూడా. అది భయం కాదు. ఏమంటారో మీకు తెలుసు.

మర్నాడు అక్క పెరట్లో అంట్లు తోముతోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అక్కా, నిన్నటి పాట విన్నాను. శ్రుతి నిలవలేదు."

ఆవిడ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని చూసింది. "ఎక్కడమ్మా?"

"అక్కడక్కడ. మామూలుగా వింటే తెలీదు. కంప్యూటర్లో గీతలు కనిపిస్తాయి కదా, అందులో తెలిసిపోతుంది."

"మావయ్యగారు ఎప్పుడూ అలా అనలేదే."

"ఆయనకి కంప్యూటర్ లేదుగా అక్కా."

ఈ ఆఖరి మాట నేనే అన్నాను. నవ్వుతూ అన్నాను. అక్క గిన్నె కడిగి బోర్లించింది. "అలాగా. మరైతే నువ్వే పాడమ్మా. నీకా గీతలు తెలుసుగా" అంది. ఆ గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేదు. ఒక్క మాట గట్టిగా అన్నా బావుండేది. అనలేదు. ఆవిడ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే.

పాడాను. ఆవిడచేత అన్నిసార్లు పాడించి వినడంతో పాట నోటికి వచ్చేసింది. నా గొంతు అక్క గొంతుకి కాలి గోటికి కూడా సరిపోదు. కానీ అప్పటికి సాఫ్ట్‌వేర్లో ఒక విద్య పట్టుబడింది. తప్పిన స్వరాన్ని మౌసుతో పట్టుకుని పైకో కిందకో లాగి సరైన చోట కూర్చోబెట్టొచ్చు. పాటంతా అలాగే లాగాను. చరణం చివర జార్చే చోట మాత్రం ఎంత లాగినా మెట్లు మెట్లుగా దిగిందే గాని జారలేదు. విసిగి, దాన్ని సాపు చేసేశాను. మిగతా పాటలు అక్కడితో ఆగిపోయాయి, ఆ ఒక్క పాటే పెన్‌డ్రైవుల్లోకి ఎక్కింది, ఊరూరా చర్చిలకి వెళ్ళింది. "టీచరు గారు ఇంత బాగా పాడతారని తెలీదండీ" అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. కొన్నాళ్ళకి ఆ నవ్వు కూడా అలవాటైపోయింది.

సుగుణక్క పాడడం మానేసింది. మానేస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది, పెదాలు కదిలేవి, పక్కన నిలబడితే ఏమీ వినిపించేది కాదు. క్వయిర్ ముందు వరస నుంచి ఆఖరి బెంచీకి మారిపోయింది. ఒకసారి జనాభా లెక్కల పని మీద వాళ్ళ అంగన్‌వాడీకి వెళ్ళాను. పిల్లలు చుట్టూ చేరి పాట పాడమని గొడవ చేస్తున్నారు. ఆవిడ ఫోన్లో పాట పెట్టి బల్ల మీద పెట్టింది. పిల్లలు ఫోను వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. వాళ్ళమ్మాయి నిశ్చితార్థం రోజున పెద్దవాళ్ళు మావయ్యగారి పాట అడిగితే, "నాకు శ్రుతి లేదండి, మా చెల్లి పాడుద్ది" అని నన్ను చూపించింది. కన్నకూతురి నిశ్చితార్థం. నేను లేచి పాడాను. గొంతు బొంగురుపోయింది. జలుబు చేసిందని చెప్పాను.

ఇంతకంటే చెడ్డ సంగతి ఒకటుంది. రోజులు గడిచేకొద్దీ నా అబద్ధాన్ని నేనే నమ్మడం మొదలెట్టాను. అక్క పాటలో ఎక్కడో కాస్త తేడా ఉండే ఉంటుందిలే, పెద్ద వయసు వస్తోంది కదా, నేనన్నది పూర్తిగా అబద్ధమేమీ కాదులే అని. అలా అనుకుంటే నిద్ర పట్టేది.

పోయిన వేసవి సెలవుల్లో పాత కంప్యూటర్లోవన్నీ కొత్తదాంట్లోకి మారుస్తున్నాను. ఇప్పుడు నాకీ పని బాగా వచ్చు. చుట్టుపక్కల చర్చిలవాళ్ళు నా దగ్గరికే వస్తారు. ఆ పాత పాట తెరిచి, నా గొంతు ఆపేసి, హార్మోనియం ట్రాకు ఒక్కటే విన్నాను. హార్మోనియం వెనకాల అక్క పాడుతోంది. ఒకే గదిలో పాడారు కదా, ఆవిడ గొంతు మాస్టారి మైకులోకి కూడా సన్నగా పడింది. ఇన్నాళ్ళూ అది అక్కడే ఉంది. అప్పటి నాసిరకం హెడ్‌ఫోన్స్‌లో నాకు తెలీలేదు, తర్వాత దాని మీద నా గొంతు ఉండబట్టి వినపడలేదు.

హార్మోనియం ఆగి అక్క ఒక్కతే పాడిన చోట్లు ఉన్నాయి. వాటిని స్వరం కొలిచే గీతల్లో పెట్టి చూశాను. ఎందుకు పెట్టాను? ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని. సిగ్గు లేకుండా అందుకే పెట్టాను. తప్పు లేదు. జారే చోట ఆ గీత ఎక్కడా విరగకుండా దిగింది.

దాన్ని ఫోన్లో వేసుకుని, అంగన్‌వాడీ వదిలే వేళకి అక్క ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పోగొట్టింది నేను, అబద్ధమాడింది నేను, మిషన్‌తో సరిచేసుకుని పాడింది నేను. తర్వాత హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. ఆవిడ చివరిదాకా వింది.

"బానే పాడాను కదా" అంది.

"బాగా పాడావక్కా."

"పిల్లలు పాడమని అడిగినప్పుడల్లా ఫోన్ పెట్టేదాన్ని. మాట్లాడుతుంటే కూడా నా గొంతు నాకు తేడాగా వినపడేది."

నేను కాళ్ళు పట్టుకోబోయాను. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"అలాంటివి వద్దు. నాకు చెప్పావు, సరే. నా శ్రుతి పోయిందని ఊరంతటికీ తెలుసు. వాళ్ళకెవరు చెప్తారు?"

లేచి లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ శనివారం క్వయిర్ ప్రాక్టీసులో లేచి నిలబడ్డాను. మాస్టారు ఉన్నారు, బావగారు ఉన్నారు, పాస్టరు గారు ఉన్నారు. అక్క రాలేదు. మీకు చెప్పినట్టే వాళ్ళకీ చెప్పాను, ఇంత సాఫీగా కాదు, తడబడుతూ, నట్లు కొడుతూ. బావగారు నా వైపు చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. మాస్టారు తల వంచుకున్నారు. ఒకావిడ, "ఎప్పటిదో కదండీ టీచరు గారూ, వదిలేయండి" అంది. పాస్టరు గారు వెంటనే ప్రార్థన చేద్దామన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎంత తొందరగా నన్ను శుభ్రం చేసేద్దామనుకున్నారు వీళ్ళు! నష్టం వాళ్ళది కాదు కాబట్టి వదిలేయమనడం తేలిక. ప్రార్థన తర్వాత చేద్దురు గాని, ముందు నేనన్నది మీ మీ ఇళ్ళలో చెప్పండి అన్నాను. మా ఆయన ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ అంతంతమాత్రమే.

అక్క నన్ను క్షమించలేదు. క్షమిస్తుందని కూడా అనుకోవడం లేదు. ఎదురుపడితే పలకరిస్తుంది, పొడిపొడిగా. నేను అలా ఎందుకు చేశానో ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేకపోతున్నాను, ఆ విసుగు నన్ను వదలడం లేదు. ఒక్కటి మాత్రం తేలికైంది. ఎవరైనా ఆ పాట బావుందంటే, "అది నా గొప్ప కాదండీ, నా గొంతుని మిషను సరిచేసింది, ఆ పాట మా అక్కది" అంటున్నాను. అనేశాక మామూలుగా ఊపిరి తీసుకోగలుగుతున్నాను.

మొన్న ఆదివారం ఆరాధనలో ఆ పాటే ఎత్తుకున్నారు. నేను పాడలేదు, పుస్తకం మూసి పట్టుకున్నాను. అక్క నా వెనక రెండు వరసల అవతల ఉంది. పాడిందో లేదో తెలీదు. తల తిప్పి చూడలేదు.