ఆరు చేపలకు సరిపడే నీళ్లు

మా ఇంట్లో చేపలు చనిపోయింది నా కూతురు మేత ఎక్కువ వేసినందుకు కాదు. నా వల్ల చనిపోయాయి. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. చేపలే కదా, ఇప్పుడెందుకు అని మావాళ్లు అంటారు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను.

నేను బూర్గంపాడులో విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణంలో పనిచేస్తాను. మిర్చి నాట్ల కాలంలో రైతులు వచ్చి మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం పెట్టాలని అడుగుతుంటారు. ఒత్తుగా పెట్టొద్దని, మధ్యలో గాలి ఆడాలని ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. చెప్పేటప్పుడు చేతులు ఎడం చేసి చూపిస్తాను కూడా. అదే మాట మా ఇంట్లో పదకొండేళ్ల పిల్ల చెబితే నాకు వినబడలేదు.

ఆ తొట్టిని ఖమ్మంలో కొన్నాం. నా భార్యను దవాఖానాలో చూపించి బస్టాండుకు వస్తుంటే దారిలో చేపల దుకాణం కనబడింది. రెండడుగుల గాజు తొట్టి. నా కూతురు దుకాణం ఆయనను ఒకటే ప్రశ్న అడిగింది. "అంకుల్, దీంట్ల ఎన్ని ఉండొచ్చు?"

"వేస్తే పదిహేనైనా పడతయి పాపా. బతకాలంటే మాత్రం ఆరు చాలు. అవి గూడా చిన్నయే."

నేను మధ్యలో దూరి, "ఆరైతే బోసిగ ఉంటది, పది ఇయ్యి" అన్నాను. నా కూతురు నా చొక్కా పట్టుకుని లాగింది. ఆరే తెచ్చుకున్నాం. ఇంటికొచ్చాక నోటుబుక్కులో కాగితం చింపి, పెద్ద అంకెతో 6 అని రాసి తొట్టి పక్కన గోడకు అంటించింది. ప్రతి శనివారం ఒక బకెట్ నీళ్లు పట్టి వాకిట్లో పెట్టేది. ఆదివారం తొట్టిలోంచి ఒక బకెట్ నీళ్లు తీసి, ఆ నిలవ నీళ్లు పోసేది. మొత్తం నీళ్లు ఎప్పుడూ మార్చేది కాదు. ఎందుకని నేను అడగలేదు. ఏడాదిన్నరలో ఒక్క చేప కూడా చనిపోలేదు.

తరువాతి వానాకాలం గోదావరి పెరిగింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని మైకులో చెప్పారు. మా అన్న ఇల్లు పల్లపు వీధిలో, మాది ఎత్తు మీద. మధ్యాహ్నానికి అన్న వాళ్లు మా ఇంటికి వచ్చేశారు. వాళ్లతో వాళ్ల పక్కింటివాళ్లు కూడా వచ్చారు. రెండు గదుల ఇంట్లో పదకొండు మందిమి అయ్యాం. మా వైపు వరదకు ఇల్లు వదిలి వచ్చినవాళ్లను చోటు లేదని ఎవరూ అనరు. మా నాన్న అనలేదు, నేనూ అనలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఆ మాట మాకు నోట్లోకే రాదు.

వదిన తల మీద బియ్యం మూట పెట్టుకొని వచ్చింది. వెనకాల అన్న ఇత్తడి బిందె నెత్తిన పెట్టుకొని మెల్లగా అడుగులు వేసుకుంటూ వచ్చాడు. బిందెలో చేపలున్నాయి. వాళ్లింట్లో నాలుగడుగుల పెద్ద తొట్టి ఉండేది. దాన్ని మోయలేక చేపలను మాత్రం తెచ్చాడు. పదకొండు చేపలు. వాటిలో రెండు అరచేయంత బంగారు చేపలు.

"పట్టాదారు పాసుబుక్కు మర్సిండు, చేపల్ని మర్వలే మీ అన్న" అంది వదిన, మూట దించుతూ. "నేను నీళ్లల్ల కొట్టుకపోయినా చూడకపోవు. బిందె ఒలకకుంట నడిసిండు."

"నీకు ఈతొస్తది గదనే" అన్నాడు అన్న. అందరం నవ్వాం.

నా కూతురు తొట్టి ముందుకు వచ్చి నిలబడింది. "నాన్నా, దీంట్ల పట్టవు" అంది మెల్లగా.

"రెండ్రోజులే బిడ్డా. సర్దుకుంటయి."

"సర్దుకోవు నాన్నా. బిందెలనే ఉంచుదాం. టబ్బుల పోద్దాం."

వదిన ముఖం చిన్నబోయింది. "మా చేపలకు గూడ చోటు లేదాయె" అంది. నవ్వుతూనే అంది. కానీ వరదలో వచ్చిన మనిషి నోట ఆ మాట విన్నాక నేను ఇంకేమీ ఆలోచించలేదు. బిందె ఎత్తి తొట్టిలో వంచాను. చేపలకు చోటు లేదంటే మనుషులకు లేదన్నట్టే నాకు తోచింది. నా కూతురు గోడ మీది కాగితం వైపు చూసి, లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే కరెంటు పోయింది. గాలి బుడగలు వదిలే మోటారు ఆగిపోయింది. నా కూతురు మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి సన్నగా పోస్తూ కూర్చుంది. అలా పోస్తే నీళ్లలోకి గాలి చేరుతుందట. మర్నాడు పొద్దున పదిహేడు చేపలూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఊపిరాడక అలా చేస్తున్నాయని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లందరికీ అవి ఆకలితో అడుగుతున్నట్టు కనబడింది. వచ్చిపోయే ప్రతివాళ్లూ ఏదో ఒకటి వేశారు. మరమరాలు వేశారు, అన్నం మెతుకులు వేశారు. నేను బిస్కెట్ నలిపి వేశాను. వద్దని నా కూతురు రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పబోతుంటే, "పెద్దోళ్లకు ఎదురు చెప్తవా" అని కసిరాను.

మూడో రోజుకు నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. వాసన మొదలైంది. తొట్టి ఉన్న గదిలోనే ఆరుగురు పడుకుంటున్నారు. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గుగా అనిపించింది.

ఆ ఉదయం నా భార్య, కూతురు బడిలో పెట్టిన శిబిరానికి కూర తీసుకుని వెళ్లారు. అన్న నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూడ్డానికి వెళ్లాడు. వదిన పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నేను చేపలను బకెట్లోకి తీసి, తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లతో సహా తోమి కడిగాను. ట్యాంకరు నీళ్లు అప్పుడే వచ్చాయి. వరద రోజులు కాబట్టి వాటిలో బ్లీచింగ్ పౌడర్ ఎక్కువ వేశారు. గాటు వాసన ముక్కుకు తగులుతూనే ఉంది. అవే నిండా పోసి చేపలను వదిలాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నిజం చెప్పాలంటే, నాకు చాలా సంతోషంగా అనిపించింది.

వాకిట్లో నా కూతురు పెట్టిన, గాటంతా పోయిన నిలవ నీళ్ల బకెట్ అలాగే ఉంది. దాని పక్కనుంచే నేను ట్యాంకరు నీళ్లు మోశాను.

రెండు గంటల్లో అన్నీ పైకి తేలాయి. మొదట చిన్నవి, తరువాత బంగారు చేపలు. అన్న వచ్చి చూసి, చెప్పులు కూడా విప్పకుండా తొట్టి ముందు కూర్చుండిపోయాడు. "ఏమైంది తమ్మీ?" అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే నా కూతురు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఖాళీ కూర గిన్నె ఉంది.

"పొద్దుగాల పిల్ల మేత ఎక్కువ ఏసినట్టుంది. నీళ్లు మార్చినా బతకలే" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ముందుగా అనుకొని అనలేదు. అన్నాక వెనక్కి తీసుకోలేదు. నా కూతురు నా వైపు చూసింది, తరువాత తొట్టి వైపు చూసింది. నేను పోసిన నీళ్ల వల్లే చనిపోయాయని చెప్పడానికి అప్పుడు ఒక్క నిమిషం ఉంది. తరువాత ఎనిమిదేళ్లు ఉన్నాయి.

మొదట్లోనే పట్టవని చెప్పిన పిల్ల కాబట్టి కొందరు కావాలనే చేసిందన్నారు. అన్న మాత్రం అలా అనలేదు. వదిన దాన్ని పరాచకంగా మార్చింది. పెళ్లిళ్లలో వడ్డించడానికి నా కూతురు గరిటె పట్టుకుంటే, "ఈ పిల్లకియ్యకుర్రి, ఎక్కువేసి సంపుతది" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. నా కూతురు గరిటె పక్కన పెట్టేది. ఇంట్లో మళ్లీ చేపలు తెద్దామంటే వద్దంది. పక్కింటివాళ్లు కుక్కపిల్లను వారం రోజులు చూసుకోమంటే కుదరదంది. తొట్టిలో నా భార్య ఉల్లిగడ్డలు పోసుకుంది.

ఇప్పుడు నా కూతురు ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రెండు నెలల కింద అన్న ఇల్లు బాగు చేయించి, కొత్త తొట్టి పెట్టించి మమ్మల్ని భోజనాలకు పిలిచాడు. నా కూతురు చేపలను చూడ్డానికి కొంచెం వంగింది. వెనకనుంచి వదిన, "దూరంకెళ్లి సూడు బిడ్డా" అంది. నా కూతురు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. పంతొమ్మిదేళ్ల పిల్ల, చిన్న పిల్లలా చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను విస్తరిలోకి చూస్తూ తిన్నాను.

మర్నాడు ఆమెను ఖమ్మంలో దింపడానికి బస్సులో వెళ్తూ చెప్పాను. ట్యాంకరు నీళ్ల సంగతి, తోమిన సంగతి, అన్నీ. ఆమె కిటికీలోంచి చూస్తూ విన్నది.

"ఆ పొద్దున రెండు చిటికెలు ఎక్కువేసిన నాన్నా" అంది చివరికి. "చేపలు ఎక్కువున్నయి గద అని. దానికే సచ్చినయనుకున్న."

"గప్పటి నుంచి?"

"అవ్."

ఆమెకు నిజం తెలిసి కూడా నన్ను కాపాడుతోందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. ఆమె నా మాట నమ్మింది.

కాసేపటికి, "పెద్దమ్మకు తెల్సా?" అని అడిగింది. తెలియదన్నాను.

తిరిగి వస్తూ నేరుగా అన్న ఇంటికే వెళ్లాను. చెప్పాను. వదిన, "ఎంత పని జేసినవయ్యా. పిల్లను ఎన్ని మాటలంటి" అంది. అన్న మాత్రం, "పట్టవని నాకు సెప్తే అయిపోవు గద తమ్మీ. టబ్బుల పోసుకుందు" అన్నాడు.

పోయిన ఆదివారం నా కూతురు వచ్చింది. అన్న కబురు పంపితే వాళ్లింటికి వెళ్లాం. వాళ్ల కొత్త తొట్టిలో బంధువులు తెచ్చిచ్చిన చేపలు నిండిపోయాయి. నా కూతురు చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడి లెక్కపెట్టింది. ఎనిమిది తీసేయాలంది. అన్న గరిటెలాంటి చిన్న వలతో ఒక్కొక్కటి పడుతుంటే నేను టబ్బు పట్టుకున్నాను. తీసిన వాటిని దుకాణంవాడికి తిరిగి ఇస్తానన్నాడు.

వదిన మేత డబ్బా తెచ్చి, "నువ్వే ఎయ్యి బిడ్డా" అంది.

"నువ్వే ఎయ్యి పెద్దమ్మా. ఎంతెయ్యాల్నో నేను సెప్త."

వదిన చిటికెడు తీసి చూపించింది.

"సగం" అంది నా కూతురు.