మూడోసారి అడగకముందే

2022. ఒడిశాలోని బరంపురంలో ఒక చిన్న హాలు. సుజాత ఏకపాత్ర నాటకానికి లైట్లు వేసే పని నాది. అమెరికాలో తొలితరం నల్లజాతి మహిళా జడ్జి కథ, తెలుగులో. సుజాతది పొడంపేట. సముద్రం మీద వేటకెళ్లే ఇంటి పిల్ల. ఇక్కడి కోర్టులో జూనియర్ వకీలు, అప్పటికి ఒక్క కేసూ వాదించలేదు.

"మా సీనియర్ గారు ముందు వరసలో కూర్చుంటారు బాబాయ్. జనం ముందు తడబడకపోతే సోమవారం బెయిల్ పిటిషన్ నన్నే వాదించమన్నారు," అంది. నవ్వుతూనే అంది గాని, స్క్రిప్టు మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేయసాగింది. ఏకపాత్రలో మాట తప్పితే ఆదుకోవడానికి పక్కన మరో నటుడుండడు. నాకూ భయంగానే ఉంది.

మా పనిలో క్యూ అంటే, ఏ మాటకు ఏ లైటు మార్చాలో చెప్పే గుర్తు. అసలు క్యూ కోర్టు సీన్లో ఉంది. ఖాళీ కుర్చీయే ముద్దాయి, వకీలు లేని ఒక నల్లజాతి కూలీ. "ఇతని తరఫున మాట్లాడేవారున్నారా?" అని జడ్జి మూడుసార్లు అడగాలి. జవాబు రాదు. మూడోసారి అవగానే బ్లాకౌట్, అంటే స్టేజీ అంతా ఒక్కసారిగా చీకటి.

మొదటిసారి అడిగింది. రెండోసారి అడిగింది. నా వేలు స్విచ్ మీదే ఉంది.

"నానున్నానమ్మా. నాను సెప్తాను."

వెనక వరసలో ఒక ముసలామె లేచి నిలబడింది. సుజాత అమ్మమ్మ కొర్లమ్మ, గంజాం బజార్లో చేపలమ్మే మనిషి. నాటకానికి రావడం ఆమెకదే మొదటిసారి. ఎవరో కిసుక్కుమన్నారు. సీనియర్ గారు చిరాగ్గా వెనక్కి తిరిగారు. పక్కనున్న ఆడమనిషి కొర్లమ్మ కొంగు లాగింది.

"కూకో పిన్నీ, ఇది ఆట."

"ఆటైతే ఏటి? మూడోసారి అడిగీలోగా ఎవులో ఒకరు సెప్పాల. నేకపోతే అందరూ ఒప్పుకున్నట్టే గదా. మనూరి పెద్దలు నా కూతుర్ని, దీని తల్లిని, ఊరి నుంచి ఎలేసినప్పుడు, దాని తరఫున ఎవులైనా ఉన్నారా అని అడిగిన మూడుసార్లూ ఊరుకున్నాను. మల్లీ ఊరుకోను."

సుజాత బిగుసుకుపోయింది. స్క్రిప్టులో ఇక్కడ ఆమెకు మాటల్లేవు. నేను చీకటి చేసేస్తే నాటకం ఒడ్డున పడుతుంది, సోమవారం కేసూ దక్కుతుంది. కాని ఆ ముసలామె నోరు నొక్కినవాణ్ణి నేనవుతాను. నాకు మనసొప్పలేదు. వేలు తీసి హాలు లైట్లు వేశాను.

సుజాత కొర్లమ్మను చూసింది. జడ్జిలాగే ముందుకు వంగింది.

"మీరు ఇతనికి ఏమవుతారు?"

"ఏటీ కాను."

"ఇతని గురించి మీకేం తెలుసు?"

"ఏటీ తెల్దు. ఆడి మాట ఒకపాలి ఇనండి. ఇన్నాక మీ ఇష్టం."

"కోర్టు వింటుంది. కూర్చోండి."

మాట తడబడలేదు. ఆమె మూడోసారి అడగలేదు. కొర్లమ్మ కూర్చున్నాకే లైట్లు ఆర్పాను.

నాటకం అయ్యాక సీనియర్ గారు స్టేజీ వెనక్కి వచ్చారు. "ఆ ముసలావిడ స్క్రిప్టులో ఉందా?" అని అడిగారు.

"లేదు సార్. మా అమ్మమ్మ."

ఆయన తల ఊపారు. "సోమవారం పదింటికల్లా కోర్టులో ఉండు," అని వెళ్లిపోయారు.

క్యూ తప్పకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. నేనిప్పటికీ తప్పను. కాకపోతే స్టేజీ మీద ఎవరైనా ప్రశ్న అడిగితే, హాల్లో ఎవరైనా లేస్తున్నారేమో చూసుకున్నాకే ఆర్పుతాను.